నీళ్ళు వదిలే బాబాయి

గత కార్తీకంలో విశాఖపట్నం వన్‌టౌన్‌లో ఒక పెద్దాయన పన్నెండో రోజుకు వెళ్ళాను. బురుజుపేట కనకమహాలక్ష్మి గుడి దగ్గర ఆటో దిగి మా పాత సందులోకి మలుపు తిరిగేసరికి బ్లీచింగ్ పౌడర్ వాసన గుప్పున తగిలింది. షామియానా కింద కాలువ అంచున ఎవరో తెల్లగా చల్లి ఉంచారు. పదిమంది భోజనాలు చేసే చోట అది మామూలే. అయితే ఆ వాసన నన్ను చావింటి నుంచి ఎక్కడికో తీసుకుపోయింది. చీకటితో లేచి అమ్మ వెనుక వీధి కుళాయి దగ్గర నిలబడిన రోజుల్లో బిందెలోకి పడే మొదటి తేటనీళ్ళకు సరిగ్గా ఇదే వాసన ఉండేది.

పోయిన మనిషి మా సందులో చిన్నా పెద్దా అందరికీ బాబాయి. మున్సిపాలిటీ నీటి విభాగంలో టర్న్‌కాక్‌గా చేసేవారు. పంపుల నుంచీ, కొండమీది ట్యాంకుల నుంచీ వచ్చే నీటిని ఏ వేళకు ఏ వీధికి ఎంత వదలాలో చూసి వాల్వులు తిప్పే ఉద్యోగం అది. తరువాతి కాలంలో నేను సివిల్ ఇంజనీరింగ్ చదివి అటువంటి విభాగంలోనే చేరి, నీళ్ళతోనూ మురుగుతోనూ ఉద్యోగజీవితమంతా గడిపి బయటపడ్డాను. స్మార్ట్ సిటీలను గురించి ఎన్నో సభల్లో ఎన్నో ప్రసంగాలు విన్నాను. నగరంలో మనిషి సుఖంగా బతకాలంటే ఏమేమి ఉండాలన్న మాట వచ్చిన ప్రతిసారీ నాకు తెరమీది బొమ్మలకంటే ముందు ఆయన భుజంమీది, వాల్వులు తిప్పే ఇనుప చెవి కనిపించేది.

*

మా సందు మొత్తానికి అప్పట్లో ఒక్కటే వీధి కుళాయి. తెల్లవారుజామున నీళ్ళు వస్తాయంటే రాత్రి భోజనాలు కాగానే దాని చుట్టూ వరుస కట్టేవారు. ఇత్తడి బిందెలు, సత్తు బిందెలు, కిరోసిన్ డబ్బాలు, బిందె ఖాళీ లేనివాళ్ళు గుర్తుగా పెట్టిన ఇటుకలు, అన్నీ ఆ వరుసలో ఉండేవి. ఇటుకను పక్కకు నెట్టి తన బిందె పెట్టుకున్నదెవరో తేలేదాకా జరిగే తగవే మా సందుకు సుప్రభాతం. ఆ తగవు వినబడితే నీళ్ళు ఇంకా రాలేదని, హఠాత్తుగా ఆగిపోతే వచ్చేశాయని, దుప్పటి తీయకుండానే మాకు తెలిసిపోయేది.

నీళ్ళకు ముందు గాలి వచ్చేది. కుళాయి చాలాసేపు బుసకొట్టి, రెండుమూడుసార్లు కక్కి, తుప్పురంగు నీళ్ళు వదిలేది. వాటిని గడప కడగడానికి, వెనుక గాబులోకి పోసేవారు. ఆ తరువాత తేటనీళ్ళు, వాటితో పాటు ఆ వాసన. వాసన ఘాటుగా ఉంటే అమ్మ సంతోషించేది, ఆ రోజు మందు బాగా కలిపారని. ఆ ఘాటుకు ఒక లెక్క ఉందని, కొళాయి చివర లీటరు నీటిలో కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగలాలని ఉద్యోగంలో చేరాక నేర్చుకున్నాను. చిన్న గాజు గొట్టంలో నీళ్ళు పట్టి మందుచుక్క వేస్తే పసుపురంగు తేలేది. ఆ పసుపు చూడటానికి నా జీతం. అదే సంగతి అమ్మకు ముక్కుతో తెలిసేది.

నీళ్ళు వచ్చే గంటకు ముందే బాబాయి వెళ్ళిపోయేవారు. ఆయన చెప్పుల చప్పుడు, ఇనుప చెవి రాతిమీద ఆనించిన చప్పుడు, వాల్వు గుంట మూత పక్కకు జరిపిన చప్పుడు వరుసగా వినిపించేవి. నేను అప్పుడప్పుడు వెంటపడి వెళ్ళేవాణ్ణి. టీ ఆకారంలో ఉండి నా ఎత్తుకు మించిన ఆ చెవిని గుంటలోకి దించి, రెండు చేతులతో మెల్లగా చుట్లు తిప్పుతూ, నోటితో కాకుండా పెదవులతో లెక్కపెట్టుకునేవారు. తిప్పడం ఎందుకు ఆపారని ఒకసారి అడిగాను.

"ఇంకో సుట్టు తిప్పితే కిందోళ్ళకి పోత, మీదోళ్ళకి సుక్క ఉండదు నాన్నా. నీరు పల్లమెరుగునని సామెత సెప్తారు గదా, దానికి మిట్ట ఎరిగించడానికే మాకు జీతం ఇస్తన్నారు."

కొండలమధ్య ఇరుక్కున్న ఊరు మాది. రాస్ హిల్, దర్గా కొండ, వేంకటేశ్వరస్వామి కొండ ఒక పక్క, వాటి కింద ఓడరేవు గట్టు ఒక పక్క. ఒకే గొట్టంమీద సముద్రమట్టానికి దగ్గరగా ఉన్న ఇల్లూ, నూరు మెట్లు ఎక్కితే గాని చేరని ఇల్లూ రెండూ ఉంటాయి. పల్లపు కుళాయి తెరిచి ఉన్నంతసేపు మిట్టమీద కుళాయికి ఒత్తిడి అందదు. అందువల్ల మిట్టకు ఇచ్చే వేళ వేరు, పల్లానికి ఇచ్చే వేళ వేరు. ఈ వేళల పట్టిక ఎక్కడా రాసి ఉండేది కాదు. ఎవరింట్లో పెళ్ళి ఉందో, ఏ వీధిలో జాతర ఉందో, ఏ కొండమీద బాలింత ఉందో కూడా ఆ పట్టికలో భాగమే. మార్గశిరంలో గురువారాలు అమ్మవారి దర్శనానికి జనం పోటెత్తినప్పుడు గుడి చుట్టుపక్కల వీధులకు అరగంట ఎక్కువ నీళ్ళు వచ్చేవంటే, ఆ ఉత్తర్వు ఇచ్చింది బాబాయే.

*

సముద్రం ఒడ్డున ఉన్న ఊరికి తాగునీటికి ఇంత యాతన ఏమిటని బయటివారు అడుగుతుంటారు. విశాఖకు తనదంటూ పెద్ద నది లేదు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో చిన్న పట్నానికి సింహాచలం కొండల పాదాన ఉన్న ముడసర్లోవ జలాశయం సరిపోయింది. 1933లో ఓడరేవు వచ్చింది, తరువాత నౌకా నిర్మాణం, చమురుశుద్ధి, ఎరువులు, ఉక్కు వచ్చాయి. వచ్చిన ప్రతి కర్మాగారం వెనుక వేల కుటుంబాలు వచ్చాయి. నీటికోసం ఊరు ఏటికేడు దూరం నడిచింది. గోస్తనిమీద తాటిపూడి, ఊరి అంచున మేఘాద్రిగెడ్డ, శారదానదిమీద రైవాడ, చివరికి నూటయాభై కిలోమీటర్లు దాటిన కాలువమీదుగా ఏలేరు. 2005లో గాజువాకనూ, 32 గ్రామాలనూ కలిపి మహానగరపాలక సంస్థ ఏర్పడింది. 2011 జనగణన నాటికి జనాభా 17 లక్షలు దాటింది. బిందెలో పడే నీరు ఎంత దూరం నుంచి వస్తున్నదో తెలియకుండానే వాడుకునే తరం అప్పటికి వచ్చేసింది. ఆ తెలియకపోవడాన్ని నేను తప్పుపట్టను. నీళ్ళు ఎక్కడివన్న ఆలోచనే రాకుండా పిల్లవాడు స్నానం చేసి బడికి పోగలగడమే నా దృష్టిలో మంచి నగరం.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో, మా విభాగంలో గొట్టాల పటాలంటూ కొన్ని ఉండేవి. నీలిరంగు కాగితాలు మడతల దగ్గర చిరిగి, చెదలు తిన్న చోట ఒక వీధి మొత్తం మాయమై ఉండేది. గొట్టం ఎక్కడ మలుపు తిరిగిందో, ఎక్కడ ఆరంగుళాలది నాలుగంగుళాలుగా మారిందో తెలియాలంటే పటం చుట్టిపెట్టి బాబాయిని పిలిపించాల్సిందే. నలుగురిలో నన్ను "సార్" అనేవారు. నలుగురూ తప్పుకోగానే "ఒరే, అక్కడ తవ్వించకు, ఆ గొట్టం రోడ్డు మధ్యన లేదు, ఈధరుగుల కింద ఉంది" అని చెవిలో చెప్పేవారు. తవ్విస్తే అక్కడే ఉండేది.

రాత్రుళ్ళు లీకులు వెతకడానికి వెళ్ళేవాళ్ళం. ఊరు సద్దుమణిగాక, ఆఖరి 28వ నంబరు బస్సు సింహాచలం వైపు వెళ్ళిపోయాక, బాబాయి ఇనుప కడ్డీ ఒకటి వాల్వు తలమీద ఆనించి రెండో చివర చెవికి పెట్టుకునేవారు. భూమిలోపల నీరు సన్నని చీలికలోంచి చిమ్ముతుంటే కడ్డీలో ఒక జోరీగ రొద వినిపిస్తుంది. మొదట్లో నాకు నా గుండెచప్పుడు తప్ప ఏమీ వినబడేది కాదు. కొంతకాలానికి ఆ రొదలో తేడాలు పట్టుబడ్డాయి. పోత ఇనుప గొట్టాలకు జనపనార కుక్కి సీసం పోసి అతికిన పాత జాయింట్లు కారితే ఒక రకంగా, గొట్టమే చిట్లితే మరొక రకంగా ఉండేది. ఇప్పుడు ఇదే పని శబ్దాన్ని పసిగట్టే సెన్సర్లు చేస్తున్నాయి, లోపలికి వెళ్ళిన నీటికీ బయటికి వచ్చిన నీటికీ మధ్య తేడాను ఫ్లోమీటర్లు లెక్కకడుతున్నాయి. పనిలో సారం మారలేదు. వినడానికి రాత్రంతా నిద్రమానుకునే మనిషి అవసరం తగ్గింది, అది మంచిదే.

ఇక్కడ ఒక మాట చెప్పి ముందుకు పోతాను. రోజుకు గంటో రెండు గంటలో నీళ్ళిచ్చి గొట్టాన్ని ఖాళీగా వదిలేసే పద్ధతి డబ్బు ఆదాచేస్తుందని చాలామంది అనుకుంటారు. ఖాళీ అయిన గొట్టంలో ఒత్తిడి పడిపోతుంది. పక్కనే మురుగుకాలువ ఉంటే కారే జాయింటు గుండా ఆ మురికినే గొట్టం లోపలికి పీల్చుకుంటుంది. మా చిన్నతనంలో మొదటి బిందె పారబోయడం ఆచారం కాదు, ఆత్మరక్షణ. ఇరవైనాలుగు గంటలూ ఒత్తిడి నిలబెట్టి నీరివ్వడమన్నది, ఇప్పుడు విశాఖలో కొన్ని ప్రాంతాల్లో చేపట్టిన ఆ పని, విలాసం కాదని నా గట్టి నమ్మకం. కామెర్లు, విరేచనాలు తగ్గడానికి ఆసుపత్రికంటే ముందు కావలసింది అదే.

*

జ్ఞాపకాలు రాసేటప్పుడు పాతవన్నీ తీపిగా కనిపిస్తాయి. మా సందు వెనుకనే ఇంకొక సందు ఉండేది, దాన్ని గురించి ఎవరూ మురిపెంగా రాయరు. అది మనిషి పట్టేంత వెడల్పు. అక్కడ ప్రతి ఇంటి మరుగుదొడ్డికి వెనుకవైపు ఒక చిన్న రేకు తలుపు ఉండేది. తెల్లవారగానే తట్ట, చీపురు పట్టుకుని మనుషులు వచ్చి ఆ తలుపులు తీసి, అందులో ఉన్నది ఎత్తి మోసుకుపోయేవారు. రేకు తలుపు కిర్రుమనగానే లోపలివాళ్ళు కిటికీ వేసుకునేవారు. కుళాయి తగవు తరువాత మా ఉదయాలకు అది రెండో శబ్దం. 1993లో ఆ పద్ధతిని నిషేధిస్తూ చట్టం వచ్చింది, 2013లో మరింత కఠినమైన చట్టం వచ్చింది. మనుషుల నెత్తిమీది తట్టను నిజంగా దించింది మాత్రం భూగర్భంలోని ఆ గొట్టమే. నగరాల్లో నాకు తెలిసిన అన్ని నిర్మాణాల్లోకీ గౌరవప్రదమైనది భూగర్భ మురుగునీటి వ్యవస్థ. ప్రారంభోత్సవానికి రిబ్బను కట్టడానికి అందులో పైకి కనిపించే భాగం ఉండదు కాబట్టి దానికి దక్కవలసిన కీర్తి దక్కలేదు.

ఇక గెడ్డలు. ఉత్తరాంధ్రలో కొండవాగును గెడ్డ అంటాం. ఎర్రిగెడ్డ, గంగులగెడ్డ వంటివి కొండలమీద పడ్డ వానను సముద్రానికో రేవుకో చేర్చే దారులు. మేము చిన్నప్పుడు గెడ్డలో చేపపిల్లలు పట్టామంటే నా మనవలు నమ్మరు. ఊరు పెరిగినకొద్దీ గట్టు మీదికి గుడిసె వచ్చింది, గుడిసె డాబా అయింది, డాబా వెనుక గోడ గెడ్డలోకి జరిగింది. గెడ్డకు కావలసిన వెడల్పు మాత్రం తగ్గదు. పడాల్సిన వాన పడినప్పుడు తన చోటు తాను తీసుకుంటుంది. గట్టి వాన కురిస్తే జ్ఞానాపురం దగ్గర రైలు వంతెన కింద నడుములోతు నీళ్ళు నిలిచేవి, రిక్షావాళ్ళు అర్ధరూపాయి తీసుకుని అవతలికి దాటించేవారు. మాకు అది పండగ. నాన్నకు ఆ రోజు కూలి పోయినట్టే.

*

వీధిదీపాల సంగతి త్వరగా ముగిస్తాను. సాయంత్రం కర్ర పట్టుకుని వచ్చి పెట్టె తెరిచి మీట వేసే మనిషి, మినుకుమినుకుమని వెలగడానికి అయిదు నిమిషాలు తీసుకునే ట్యూబులైట్లు, వాటి తరువాత బీచ్ రోడ్డంతా పసుపు పూసిన సోడియం దీపాలు, ఇప్పటి తెల్లని ఎల్‌ఈడీలు. హుద్‌హుద్ తుపాను తరువాత నగరమంతటా దాదాపు 90 వేల దీపాలను ఎల్‌ఈడీలుగా మార్చారు. ఆ పసుపు వెలుగులో చదువుకున్న నాకు ఈ తెలుపు కాస్త కటువుగానే ఉంటుంది. రాత్రి డ్యూటీ ముగించుకుని వెళ్ళే ఆడపిల్లలను అడిగితే వాళ్ళు తెలుపే కావాలన్నారు. నా మాట వెనక్కి తీసుకున్నాను.

*

హుద్‌హుద్ 2014 అక్టోబరు 12న, ఆదివారంనాడు తీరం దాటింది. ఉదయం నుంచి గాలి ఒక వైపు నుంచి కొట్టింది. మధ్యాహ్నం తుపాను కన్ను ఊరిమీదికి వచ్చినప్పుడు అంతా ఆగిపోయింది. అయిపోయిందనుకుని జనం బయటికి వచ్చారు. తరువాత అదే గాలి ఎదురు దిక్కు నుంచి మొదలైంది. గంటకు 180 కిలోమీటర్లకు పైబడిన ఆ వేగానికి ఒక పక్కకు వాలిన స్తంభాలు రెండో పక్కకు విరిగిపడ్డాయి. మరునాడు చూస్తే కైలాసగిరి ఆకుపచ్చ ఎండుగోధుమ రంగయింది. వీధుల్లో తీగలు, చెట్లు, రేకులు తప్ప నడిచే చోటు లేదు.

నగరానికి పునాది ఏమిటో ఆ వారంలో అందరికీ ఒకేసారి అర్థమైంది. కరెంటు లేదు కాబట్టి పంపులు లేవు. పంపులు లేవు కాబట్టి నీళ్ళు లేవు. డీజిల్ జనరేటర్లు నడపడానికి డీజిలు తేవాలంటే రోడ్లు లేవు. రోడ్లు ఎక్కడ తెరుచుకున్నాయో కనుక్కోవడానికి ఫోన్లు లేవు. పది అంతస్తుల అపార్టుమెంట్లలో ఉన్నవాళ్ళు బకెట్లతో మెట్లు ఎక్కారు. సెల్‌ఫోను ఛార్జింగు కోసం జనరేటరు ఉన్న దుకాణాల ముందు వరుసలు కట్టారు. మా సందులో మాత్రం మూసేసిన పాత నుయ్యిమీది బండ తీసి, చేద కట్టి తోడుకున్నారు.

అప్పటికి బాబాయి పదవీవిరమణ చేసి చాలా ఏళ్ళయింది. సోమవారం పొద్దున్నే కార్యాలయానికి నడుచుకుంటూ వచ్చారు, చేతిలో గొడుగు కర్ర. కొండమీది ట్యాంకులో ఎంత నీరు మిగిలిందని అడిగారు. సగానికి తక్కువ ఉందన్నాం. అక్కడి నుంచి పల్లానికి దిగే గొట్టాలన్నిటినీ కట్టించి, ముందు ఆసుపత్రి వైపు, తరువాత మిట్టమీది ఇళ్ళకు, చివరగా పల్లానికి, మనిషికి రెండేసి బిందెల చొప్పున వచ్చేలా ఏ వాల్వు ఎన్ని చుట్లు తిప్పాలో కుర్రవాళ్ళకు ఒక్కొక్కటే చెప్పారు. ఆ గుంటలు కూలిన చెట్లకింద ఉన్నాయి. పటంలో ఉన్న గుర్తులతో దొరకలేదు. "ఆ మేడ అరుగు కాణ్ణించి ఏడు అడుగులు" అంటే దొరికాయి. టాంకర్లు, కరెంటు వచ్చేదాకా మా వైపు అలా గడిచింది.

ఆ తరువాతనే ప్రపంచబ్యాంకు సాయంతో చేపట్టిన తుపాను పునరుద్ధరణ పనుల్లో భాగంగా విశాఖలో విద్యుత్ తీగలను భూమిలోకి దించే పని మొదలైంది. ఆకాశం తేటపడింది. కష్టం భూమి లోపలికి మారింది: మంచినీటి గొట్టం, మురుగు గొట్టం, వాననీటి కాలువ, కరెంటు కేబులు, ఇంటర్నెట్ తీగ, అన్నీ ఒకే పదిహేను అడుగుల సందులో సర్దుకోవాలి. ఒకరు వేసిన రోడ్డును మరొకరు వారం తిరగకుండా తవ్వడమన్నది ఈ దేశంలో ఏ ఊరివాడికీ కొత్తగా చెప్పనక్కరలేదు. ఎవరి గొట్టం ఎంత లోతున ఉందో అందరికీ కనిపించే ఒకే ఒక్క డిజిటల్ పటం సక్రమంగా తయారైతే, స్మార్ట్ సిటీ పేరుమీద పెట్టిన ఖర్చులో సగం అక్కడికక్కడే తీరిపోతుందని నేను వాదిస్తుంటాను.

*

2015 జూన్‌లో కేంద్రం స్మార్ట్ సిటీస్ మిషన్ ప్రకటించింది. మరుసటి జనవరిలో ఎంపికైన తొలి 20 నగరాల్లో విశాఖపట్నం, కాకినాడ రెండూ ఉన్నాయి. విశాఖలో సిటీ ఆపరేషన్స్ సెంటర్ వచ్చింది. బీచ్ రోడ్డులో వైకల్యం ఉన్న పిల్లలూ లేని పిల్లలూ కలిసి ఆడుకునేలా ఆల్ ఎబిలిటీ పార్కు వచ్చింది. మా ముత్తాతలు తాగిన ముడసర్లోవ నీటిమీద 2018లో 2 మెగావాట్ల తేలియాడే సౌరఫలకాలు వచ్చాయి. వీటిలో నాకు బాగా నచ్చింది పార్కు. చక్రాల కుర్చీ దొర్లడానికి వీలైన వాలు కట్టడానికి పెద్ద సాంకేతికత అక్కరలేదు. అటువంటి పిల్లవాడు ఒకడు వస్తాడని ముందుగా తలచుకోవడం కావాలి.

నేను విరమించబోయే ముందు, నీటి ట్యాంకుల మట్టాలు, పంపుల పరిస్థితి తెరమీద కనిపించే గది ఒకటి చూపిద్దామని బాబాయిని తీసుకువెళ్ళాను. అప్పటికి చూపు మందగించింది, చెవి మాత్రం పదునుగానే ఉంది. అక్కడ పనిచేసే అమ్మాయి కుర్చీ వేసి, నీలిరంగు గీతలు చూపిస్తూ, ఇది ఫలానా ట్యాంకు తాతగారూ, ఇంత మట్టం ఉంది, ఇంత బయటికి పోతోంది అని ఓపికగా చెప్పింది. ఆయన చాలాసేపు తల ఊపారు.

"బావుంది తల్లీ. పంపుకాడ ఎంత ఎలిపోతందో తెలుస్తంది. దర్గా కొండమీద ఆకరింటికి ఎక్కినాదో లేదో ఇందులో తెలుస్తాదా?"

ఆ అమ్మాయి నావైపు చూసి, "అక్కడ ప్రెషర్ మీటరు లేదు తాతగారూ. ఉంటే తెలుస్తుంది" అంది.

"అయితే రాసుకో," అన్నారు. కొండవాలున ఎక్కడెక్కడ నీరు చివరికి చేరుతుందో, ఏ మలుపు దగ్గర గాలి పట్టి ఆగిపోతుందో, ఏ మెట్టవీధిలో ఎండాకాలం కుళాయి ఎండుతుందో ఒక్కొక్కటే చెప్పుకుంటూ పోయారు. ఆమె మొదట చేతికి దొరికిన కాగితంమీద గీసింది, తరువాత లేచి పెద్ద పటం తెచ్చి బల్లమీద పరిచి, ఆయన వేలు పెట్టిన చోటల్లా ఎర్ర చుక్క పెట్టింది. మధ్యలో రెండు చోట్ల ఆయన చెప్పిన గొట్టం పటంలో లేదు. గీత గీసి పక్కన ప్రశ్నార్థకం వేసుకుంది. ఆ ఏడాది ప్రతిపాదనల్లో కొండవాలు ప్రాంతాల మీటర్ల జాబితా వచ్చినప్పుడు చూశాను. చుక్కల్లో ఎక్కువభాగం అందులో ఉన్నాయి, దర్గా కొండది మొదటి వరుసలో.